భయం నడుమ సమాధానం: గోదావరి డెల్టా సంఘాల అనుభవం

గోదావరి డెల్టాలో భయానికి కొలతలున్నాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. రెండో హెచ్చరిక వచ్చిందంటే లంక గ్రామాల్లో పశువులను ఏటిగట్టు మీదికి తోలతారు, బియ్యం బస్తాలు అటకెక్కిస్తారు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద చూసిన తరం ఇంకా ఉంది. 2022 జూలైలో అది 25 లక్షలు దాటినప్పుడు వాళ్లకు పాత లెక్కే గుర్తొచ్చింది. 1996 నవంబరు 6న తుపాను కోనసీమ కొబ్బరిని కూల్చింది, వేటకు వెళ్లినవాళ్లను తిరిగి రానివ్వలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి బ్లోఅవుటై రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి, ఇళ్లలో ఉన్నవాళ్లను ఉన్నట్టుగానే కాల్చేసింది. ఇక ఏ హెచ్చరికకూ అందని భయాలు ఇంటింటా ఉన్నాయి: వడ్డీ అప్పు, చెరువులో రొయ్యకు తగిలిన తెగులు, గల్ఫ్‌లో పనికి వెళ్లిన ఆడమనిషి నుంచి రాని ఫోను, చేతికి రావలసిన స్కానింగ్ రిపోర్టు. ఈ నేల మీద సుమారు రెండు వందల ఏళ్లుగా క్రైస్తవ సంఘాలు ఉన్నాయి. భయకాలంలో క్రీస్తునందు సమాధానం, అంటే మనసుకు నెమ్మది, దొరుకుతుందని అవి ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నాయి. ఆ మాటలో నిజమెంత? దొరికేదేమిటి, ఏ దారిన దొరుకుతుంది?

దీనికి వాడుకలో రెండు జవాబులున్నాయి. విశ్వాసం భయాన్ని పారదోలుతుందని కొందరు ప్రసంగీకులు అంటారు. అది మనసును మభ్యపెట్టే మందు మాత్రమేనని హేతువాదులు అంటారు. డెల్టా సంఘాల చరిత్రనూ, బైబిలు గ్రంథాన్నీ, ఇటీవలి పరిశోధనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండూ నిలబడవని నా అభిప్రాయం. విశ్వాసం భయాన్ని తీసేయదు. భయాన్ని దాచకుండా దేవుని ముందు చెప్పుకునే అనుమతిని ఇస్తుంది, అలా చెప్పుకునేవాళ్లు ఒంటరిగా మిగలకుండా చూసే బాధ్యతను సంఘానికి అప్పగిస్తుంది. ఈ రెండూ కలిసినచోట మనిషికి నెమ్మది వస్తోంది. ఏ ఒక్కటి తప్పినా మిగిలేది మాటలే.

ముందు చరిత్ర చూద్దాం. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ తమ భార్యలతో కలిసి 1836లో ఆంధ్ర తీరానికి వచ్చారు. తరవాత నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషను పెరిగింది. వాళ్లు వచ్చేనాటికి ఈ ప్రాంతం జనాన్ని పోగొట్టుకుంటోంది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు, 1841కి 5 లక్షల 61 వేలు. మధ్యలో 1832–33 నాటి కరువు, 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన. ఇరవై ఏళ్లలో ఊళ్లకు ఊళ్లు పలచబడిపోయిన నేల అది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఈలోపు 1845లో ఉత్తర జర్మనీ లూథరన్లు రాజమండ్రిలో అడుగుపెట్టారు, కొద్ది ఏళ్లకే ఆ పని అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. కాకినాడలో టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన థామస్ గేబ్రియేల్ అనే తెలుగువాడు మొదలుపెట్టిన సేవను 1874లో కెనడా బాప్టిస్టులు అందుకున్నారు.

ఈ సంఘాల్లో చేరినవాళ్లలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఎందుకు చేరారన్న విషయం మీద చాలా వాదం నడిచింది. కరువులో గంజి కోసమని ఒక వర్గం, ఆత్మకు రక్షణ కోసమేనని ఇంకో వర్గం. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టిన మతాన్ని నమ్మడంలో తప్పేముందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. కాని అన్నం ఒక్కటే కారణమైతే ఆనకట్ట కట్టి, కాలవలు పారి, డెల్టా ధాన్యాగారమైన తరవాత సంఘాలు తరిగిపోవాలి. అవి పెరిగాయి. కలరా వస్తే, అమ్మవారు పోస్తే, దొర కోపగిస్తే ఆ కష్టం ఎవరికి చెప్పుకోవాలో తెలియని మనిషికి, పేరు పెట్టి పిలిచి ప్రార్థన చేసే ఒక గుంపు దొరికింది. పేటలో వేసిన తాటాకు ప్రార్థనశాల అందుకే రాత్రి బడీ అయింది, పంచాయితీ చోటూ అయింది. భయపడ్డవాళ్లు కలిసి కూర్చునే స్థలం అంతకుముందు వాళ్లకు లేదు.

ఇప్పుడు గ్రంథం సంగతి. గలిలయ సముద్రం మీద తుపానును యేసు గద్దించిన ఘట్టాన్ని మన పల్లె ప్రసంగాల్లో వినని విశ్వాసి ఉండడు. అందులో ఎక్కువమంది దాటిపోయే అంశం ఒకటుంది. మార్కు రాసిన సువార్తలో శిష్యులు అలలు ఎగసినప్పుడు భయపడ్డారు, అలలు అణిగాక మరీ ఎక్కువగా భయపడ్డారు. అంటే పరిస్థితి చక్కబడితే భయం పోతుందన్న లెక్కను సువార్తికుడు ఒప్పుకోలేదు. గెత్సేమనే తోటలో యేసే కలవరపడ్డాడు, తనతో కూడా మెలకువగా ఉండమని ముగ్గురు స్నేహితులను అడిగాడు. వాళ్లు నిద్రపోయారు. దేవుని కుమారుడే భయవేళ మనుషుల తోడు కోరాడని నమ్మే మతం, భయపడ్డవాడితో నీకు విశ్వాసం చాలదని ఎలా అనగలదు? పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోని చింత మానమనే ఉపదేశం క్యాలెండర్ల మీద, పెళ్లి కార్డుల మీద, ఆటోల వెనకాల కనబడుతుంది. అదే పత్రికలో రెండు అధ్యాయాల ముందు, జబ్బుపడి కోలుకున్న ఎపఫ్రొదితును వెనక్కి పంపితే తన దుఃఖం కొంత తగ్గుతుందని పౌలు ఒప్పుకుంటాడు. రాసింది చెరసాలలోంచి. కీర్తనల గ్రంథంలో మూడోవంతు దాకా మొరలే. 88వ కీర్తనైతే ఏ ఓదార్పూ లేకుండా చీకట్లోనే ముగుస్తుంది. ఆ కీర్తనను తీసేయకుండా ఉంచిన గ్రంథం భయాన్ని ప్రార్థనకు అడ్డంగా చూడలేదు, ప్రార్థనకు ముడిసరుకుగానే చూసింది.

డెల్టా సంఘాలు ఈ సంగతిని వేదాంత గ్రంథాల్లో రాసి పెట్టుకోలేదు, ఆచారాల్లో దాచుకున్నాయి. అందులో మొదటిది పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. 1833లో క్రీస్తును ఒప్పుకున్న పురుషోత్తమ చౌధరి ఇక్కడివాడు కాకపోయినా ఆయన కీర్తనలు ఇక్కడి నోళ్లలో ఇంకిపోయాయి. చదువు రాని ముసలమ్మ పుస్తకం తలకిందులుగా పట్టుకుని పల్లవి నుంచి చివరి చరణం దాకా తప్పు లేకుండా పాడగలదు. ఇది భక్తి సంగీతం గురించిన ముచ్చటగా కాక, భయం గురించిన సాక్ష్యంగా చూడాలి. భయం పట్టిన మనిషికి కొత్త మాట తట్టదు. అప్పుడు పనికొచ్చేది మామూలు రోజుల్లో కంఠస్థమైనదే. ఆపరేషన్ థియేటరు బయట బెంచీ మీద సన్నగా సాగే కీర్తన ఎన్నో ఏళ్ల ఆదివారాల్లో పోగుపడింది. ఇప్పుడు పెద్ద తెర మీద వారానికో కొత్త పాట వేసి పాతవాటిని మూలనపడేస్తున్న సంఘాలు తమ పిల్లలకు ఆ నిల్వ లేకుండా చేస్తున్నాయి. ఇది రుచికి సంబంధించిన తగువు కాదు.

రెండోది ఆదరణ కూడిక. ఇంట్లో మనిషి పోయాక కొద్ది రోజులకు వాకిట్లో షామియానా వేసి, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు పరిచి, చనిపోయినవారి ఫొటోకు దండ వేసి సంఘం కూడుతుంది. పాస్టరుగారు వాక్యం చెబుతారు, ఇరుగుపొరుగు లేచి పోయినవారిని గురించి రెండేసి మాటలు చెబుతారు, కుటుంబాన్ని ముందు నిలబెట్టి అందరూ చేతులు చాపి ప్రార్థిస్తారు, ఆపైన భోజనాలు. పైకి చూస్తే ఇది తంతు. లోపల జరిగేది గమనించాలి. మొగుణ్ని పోగొట్టుకున్న స్త్రీని ఊరు అశుభంగా చూసి మూల కూర్చోబెట్టే సమాజంలో ఆమెను ముందు వరసలోకి తెచ్చి, పేరు ఎత్తి, ఆమె పిల్లల చదువు గురించి అందరి ఎదుటా ప్రార్థించడం చిన్న పని కాదు. అలా ప్రార్థించినవాళ్లు మర్నాడు ఫీజు సంగతి అడగకుండా తప్పుకోవడం కష్టం. స్త్రీల సమాజం వాళ్లు ఆ తరవాత వారం వారం ఆ ఇంటికి వెళ్లి వస్తారు. ఈ పనికి జీతం లేదు, నివేదికల్లో పేరు ఉండదు. సంఘంలో నెమ్మది అనేదాన్ని నిజంగా మోస్తున్నది వీళ్లే.

మూడోది మౌనం. రాజమండ్రి దగ్గరి జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు లూథరన్ సంఘంలో పనిచేసి, 1938లో బైబిలు మిషను స్థాపించారు. దైవసన్నిధిలో కనిపెట్టడం, అంటే కోరికల జాబితా చదవకుండా ఊరకే కూర్చుని వేచి ఉండడం, ఆయన బోధలో ముఖ్యం. గట్టిగా అరిచి ప్రార్థించడమే ప్రార్థన అనుకునే నేటి మైకుల కాలంలో, ఈ డెల్టా మట్టిలోంచే అలాంటి సాధన వచ్చిందని గుర్తుచేయాలి. ఇది ఒంటరి సాధన కాదా, నీ వాదానికి విరుద్ధం కాదా అని అడగవచ్చు. ఆయన శిష్యులు ఇప్పటికీ కూడుకుని కనిపెడతారు. మౌనం నేర్పడానికీ ఒకరు కావాలి, పక్కన మరొకరు కూర్చోవాలి.

ఇంతవరకు చెప్పిందంతా లోపలి సాక్ష్యమే. బయటి సాక్ష్యం ఆసుపత్రుల్లో ఉంది. ఒకప్పుడు జనం అత్యంత భయపడ్డ జబ్బులు రెండు, కుష్ఠు, క్షయ. కుష్ఠు సోకినవాణ్ని ఊరవతలకు నెట్టేసే రోజుల్లో రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హాచ్ వాళ్లకోసం ఆశ్రమం నెలకొల్పింది. రాజమండ్రిలో డాక్టర్ లిడియా వోర్నర్ చొరవతో 1911లో లూథరన్ ఆసుపత్రి తెరుచుకుంది. ఊరి వెలుపల విశ్రాంతిపురంలో క్షయరోగులకు శానటోరియం వచ్చింది. ఇవన్నీ విదేశీ డబ్బుతో, విదేశీయుల పేర్లతో చెప్పుకునే కథలయ్యాయి. కాని పుండ్లు కడిగి, పక్క దుప్పట్లు ఉతికి, రాత్రి కాపలా కూర్చున్న చేతులు తెలుగు నర్సులవి, బైబిలు స్త్రీలవి, వంటవాళ్లవి. అంటువ్యాధి భయం వాళ్లకూ ఉంది. విశ్వాసం ఇచ్చిన సమాధానం నిజమో కాదో తేల్చడానికి నాకు తెలిసిన గట్టి గుర్తు ఇదే: ఆ మనిషి, తనకు భయం కలిగించేవాడి దగ్గరికి వెళ్లగలుగుతున్నాడా?

విజ్ఞానశాస్త్రం ఏమంటుందో కూడా దాచకుండా చెప్పాలి. బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది రోగులతో అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. తెలియనివాళ్లు దూరంనుంచి వాళ్లకోసం ప్రార్థిస్తే చిక్కులు తగ్గుతాయేమో చూశారు. తగ్గలేదు. పైగా తమకోసం ప్రార్థన జరుగుతోందని ముందే తెలిసినవాళ్లలో చిక్కులు కొంచెం ఎక్కువయ్యాయి. ప్రార్థనను మీట నొక్కితే పనిచేసే యంత్రంగా ప్రచారం చేసేవాళ్లు ఈ ఫలితాన్ని తలవంచి చదవాలి. ఇంకో అధ్యయనం కెనెత్ పార్గమెంట్ బృందం 2001లో ప్రచురించింది. ఆసుపత్రిలో చేరిన సుమారు 600 మంది పెద్దవయసు రోగులను రెండేళ్లపాటు గమనిస్తే, దేవుడు తనను విడిచిపెట్టాడని, శిక్షిస్తున్నాడని, ఇది సాతాను పనేనని నమ్మి కుమిలినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఒకే మతం, ఒకే దేవుడు. ఆ దేవుణ్ని ఎలా చూపించారన్నదాన్ని బట్టి నెమ్మదో నరకమో అవుతోంది. మూడోది 2016లో వచ్చింది. అమెరికాలోని 74 వేలకు పైగా నర్సులను పదహారేళ్లు గమనించగా, వారానికి ఒకసారికి మించి ఆరాధనకు వెళ్లేవాళ్లలో మరణాల రేటు అసలు వెళ్లనివాళ్లకంటే మూడోవంతు తక్కువ. ఇందులో తోటివాళ్ల తోడ్పాటు వాటా సుమారు నాలుగోవంతు ఉంటుందని లెక్కగట్టారు. అవి అమెరికా లెక్కలు, డెల్టాకు అచ్చంగా అతకవు. కూడికకు వెళ్లడమే కారణమని తేల్చనూ లేవు. అయినా మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి: దూరపు మంత్రం పనిచేయలేదు, దండించే దేవుడి బోధ ఉన్నచోట హాని కనబడింది, కలిసి కూడే అలవాటు ఉన్నచోట మేలు కనబడింది.

అందువల్ల డెల్టాలో నేడు అన్నిటికంటే పెద్ద ప్రమాదం నాస్తికుల నుంచి కాదు, భయాన్ని ముందు అమ్మి తరవాత ఓదార్పు అమ్మేవాళ్ల నుంచి వస్తోంది. స్వస్థత సభల్లో వంశ శాపం ఉందని చెప్పి, అభిషేక తైలం చేతిలో పెట్టి, కానుక కవరు చాపే బోధకులున్నారు. షుగరు మాత్రలు, మూర్ఛ మాత్రలు, టీబీ మందులు మానేయడమే విశ్వాసానికి రుజువని చెప్పేవాళ్లున్నారు. టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికేసి మామూలు మందులకు లొంగకపోవచ్చు. విశ్రాంతిపురం శానటోరియం కట్టుకున్న నేల మీద ఆ మాట చెప్పడం, ఆ సంఘ చరిత్రకే ద్రోహం. వాక్యం పేరు చెప్పి దీన్ని ఖండించాల్సింది పాస్టర్లే. బయటివాళ్లు ఖండిస్తే మతద్వేషమనే ముసుగు కప్పేయడం తేలిక.

మనసుకు పట్టే జబ్బు విషయంలో సంఘాల మౌనం ఇంకా బాధాకరం. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో పదిమందిలో ఒకరికి మించి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు, వాళ్లలో చాలామందికి వైద్యమే అందడం లేదు. నిద్ర పట్టక, గుండె దడతో, చావు ఆలోచనలతో కుములుతున్న విశ్వాసి సాక్ష్యం చెప్పే వేళ లేచి ఆ సంగతి అనగలడా? అంటే దయ్యం అంటారనో, రహస్య పాపం అంటారనో భయం. 88వ కీర్తన ఉన్న గ్రంథం చేతిలో పట్టుకుని ఇలా జరగకూడదు. ప్రార్థన చేసి డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడం విశ్వాసానికి లోటు కాదు. మానసిక సహాయానికి ఉన్న టెలి మానస్ ఉచిత నంబరు 14416 ప్రతి మందిరం నోటీసు బోర్డు మీద ఉపవాస ప్రార్థన తేదీల పక్కనే ఉండాలి.

గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది. పీడితుణ్ని జోకొట్టి, అన్యాయం మీద తిరగబడకుండా చేసేదే ఈ సమాధానం కదా? డెల్టాలో ఈ ప్రశ్న కులం దగ్గర నిలబడి జవాబు అడుగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా దక్కింది, క్రైస్తవులకు దక్కలేదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ–సీ కింద ఒక శాతంలో సర్దారు. ఫలితంగా ఆదివారం మందిరంలో మోకరించే ఎందరో కాగితాల మీద హిందువులుగానే ఉండిపోవాల్సి వస్తోంది. ఉద్యోగం పోతుందేమో, పిల్లవాడి సీటు రద్దవుతుందేమో అన్న బెంగ నిత్యం. ఓదార్చవలసిన విశ్వాసమే ఇక్కడ భయకారణమైంది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది, నిర్ణయం ఢిల్లీలో ఉంది. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవ దళితుల సాంఘిక బహిష్కరణ దాకా వెళ్లింది. ఇలాంటి చోట, పరలోకంలో అన్నీ సర్దుకుంటాయి, ఊరుకోండి అని చెప్పే బోధకుడు మతం మత్తుమందన్న మార్క్స్ విమర్శను నిజం చేస్తున్నాడు. కాని అదే విశ్వాసం పేటకు బడి తెచ్చింది, అక్షరం తెచ్చింది, దొర ఎదుట నిలబడి మాట్లాడే గొంతు తెచ్చింది. భయపడ్డవాడు ఒంటరివాడైతే అర్జీ కూడా రాయలేడు. కలిసి ప్రార్థించే అలవాటు ఉన్న పేటకు కలిసి కలెక్టరాఫీసుకు వెళ్లడం కొత్త కాదు. నెమ్మది, నిరసన ఒకదానికొకటి శత్రువులని నేను అనుకోను. జోకొట్టే సమాధానానికీ, నిలబెట్టే సమాధానానికీ తేడా కనిపెట్టడం సంఘ పెద్దల పని.

ఇదంతా క్రైస్తవులకే సొంతమా అన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. గోదావరి గట్టున కార్తీక దీపం వదిలే ఇల్లాలికీ, నమాజుకు నిలబడే రైతుకూ తమ తమ ధైర్యం ఉంది, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. క్రైస్తవ విశ్వాసం ప్రత్యేకించి తెచ్చింది, తానూ భయపడి, చెమటోడ్చి, సిలువ మీద విడువబడినవాడిగా మొరపెట్టిన దేవుణ్ని. ఆ దేవుడికి భయం గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. తోడ్పాటు ఒక్కటే చాలనుకుంటే ఏ యువజన సంఘమైనా చాలు. అర్ధరాత్రి అందరూ నిద్రపోయాక ఎవరితో మాట్లాడాలన్న సంగతి అప్పటికీ మిగిలే ఉంటుంది.

ఈ వాదానికి కఠిన పరీక్ష కోవిడ్ పెట్టింది. రాష్ట్రంలో కేసులు ఎక్కువగా నమోదైన జిల్లా తూర్పు గోదావరి. 2020 ఏప్రిల్ 12న ఈస్టరు పండగ తాళాలు వేసిన మందిరాల బయట గడిచింది. తోడు ఉంటేనే నెమ్మది అంటున్నాం కదా, తోడే ప్రాణాంతకమైనప్పుడు ఏం జరిగింది? ఫోన్లలో ప్రార్థన కూడికలు పెట్టారు, పాస్టర్లు వార్డు కిటికీ బయట నిలబడి చేతులెత్తారు. కొంత ఊరట కలిగింది. కాని సమాధి దగ్గర కీర్తన పాడేవాళ్లు లేకుండా, ముఖం చూడనివ్వకుండా, సంచీలో చుట్టి పంపేసిన మనుషుల ఇళ్లలో ఆ గాయం మానలేదు. షామియానా లేదు, కుర్చీలు లేవు, పోయినవాళ్ల గురించి రెండు మాటలు చెప్పేవాళ్లు రాలేదు. విశ్వాసం ఉన్నా ఆదరణ అందకపోతే ఏమవుతుందో ఆ ఇళ్లు చూపిస్తున్నాయి. ఆదరణ కూడికకు గడువు ఏమీ లేదు. 2020, 2021 సంవత్సరాల మరణాల రిజిస్టరు చాలా సంఘాల్లో ఉంటుంది. కూడిక జరగని ఇళ్లేవో అందులోంచి రాసుకుని, ఒక్కొక్క ఇంటివాళ్లనూ అడిగి, వాళ్లు సరేనంటే ఇప్పుడైనా ఆ వాకిట్లో కుర్చీలు వేయించాలి.